ఇంకా ఆడుతోంది

ఆయన్ని పిల్లలు 'ఇంకోసారి తాత' అంటారు. స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లలందరూ ఎక్కాక తలుపు ధడాల్న వేసి, "ఇంకోసారి" అంటూ మళ్ళీ తీసి మళ్ళీ వేస్తాడు. మొదటిసారి వేసినప్పుడు పడలేదని కాదు. పడిందని నమ్మకం కుదరదు, అంతే. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసి, ఎవరైనా నవ్వుతున్నారేమోనని అటూ ఇటూ చూసి, వచ్చిన పనేదో పూర్తిచేసినట్టు ఇంకోసారి లాగి వెళ్ళే మనిషి. కూరల కొట్టువాడు తూకం వేస్తుంటే ఆయన చూసేది ముల్లు వంక కాదు, కొట్టువాడి బొటనవేలి వంక.

"అనుమానం పెనుభూతం అంటారు. మనింట్లో భూతానికి ఒక గది కూడా ఇచ్చేశాం" అంటుంది భార్య.

ఆ భూతం వల్ల ఒక మేలు జరిగింది, అది ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా ఆయన వ్యానులో ఎక్కిన ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ గీటు కూడా పడలేదు. టైర్లలో గాలి రోజూ చూస్తాడు, బ్రేకు రోజూ తొక్కి చూస్తాడు, వెనక సీటు కింద చెయ్యి పెట్టి మరీ పిల్లలెవరూ మిగిలిపోలేదని చూసుకుంటాడు. "ఆ తాత బండైతే మాకు దిగులుండదండీ" అని తల్లులు అనుకుంటుంటే ఒకసారి విన్నాడు. పైకి విననట్టు అద్దం తుడుచుకున్నాడు గానీ, ఆ మాట మీదే ఆయన బతుకు నడుస్తోంది.

అలాంటి బండికి స్టీరింగు జబ్బు చేసింది. తిన్నగా పోతున్నది ఉన్నట్టుండి ఒక పక్కకి జరిగేది. చక్రం చేతిలో సన్నగా అదిరేది.

"స్టీరింగు ఆడుతోందే" అన్నాడు ఇంటికొచ్చి.

మన మాటల్లో ఆడటానికి ఉన్నన్ని వేషాలు దేనికీ ఉండవు. పిల్లలు ఆడతారు, గాలి ఆడుతుంది, పిండిమర ఆడుతుంది, భయమేస్తే నోట మాట ఆడదు. బండి తోలేవాడికి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం. ఎక్కడో ఏదో వదులైంది, కదలకూడనిది కదులుతోంది. వాడి చెవికి అంతకన్నా చెడ్డ మాట లేదు.

ఆయన అల్లుడు మెకానిక్కు. సొంత షెడ్డు ఉంది, పనితనం మంచిదని నలుగురూ అంటారు. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. ఎన్నడూ ఆ షెడ్డుకి బండి తీసుకెళ్ళలేదు. కారణం అడిగితే ఒకటే చెప్పేవాడు. "పరాయివాడు తప్పు చేస్తే చొక్కా పట్టుకోవచ్చు. అల్లుడు తప్పు చేస్తే కాఫీ ఇవ్వాలి." ఈసారి మాత్రం పాత మెకానిక్కు కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. కూతురు పట్టుబట్టింది. అయిష్టంగానే బండి తోలుకెళ్ళి షెడ్డులో పెట్టాడు. పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసి, ఈ వారం మీరే దింపుకోండి, సోమవారం నుంచి బండి వస్తుందని మాటిచ్చాడు.

అల్లుడు బండి కిందకి దూరి, బయటికొచ్చి, విప్పిన ముక్క ఒకటి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇదిగో మావయ్యా, క్లీనరు కూర్చునే పక్క స్టీరింగు రాడ్డు చివర ఉండే గుండు ఇది. అరిగిపోయింది. ఊపి చూడండి."

ఊపాడు. గలగలమంది. ఇంకోసారి ఊపాడు.

"ఇది మన బండిదేనా?"

అల్లుడు నవ్వాడు. "మీ ముందే కదా విప్పాను!"

"నువ్వు కింద ఉన్నావు, నేను పైన ఉన్నాను. ఏది విప్పావో నాకేం తెలుసు?"

కొత్త ముక్కలు రెండు పక్కలా వేశారు, చక్రాల వరస సరిచేయించారు. సాయంత్రం నడిపి చూడటానికి ఇద్దరూ ఎక్కారు. మావగారు స్టీరింగు దగ్గర, అల్లుడు క్లీనరు సీట్లో. గుంతల్లో బండి బుద్ధిగా ఉంది, మలుపుల్లో చెప్పినట్టు వింది. పక్కకి జరగడం పూర్తిగా పోయింది. తిన్నటి రోడ్డు మీద కాస్త నెమ్మదించేసరికి మాత్రం కుడి అరచేతి కింద ఆ అదురు మళ్ళీ మొదలైంది. గోడ అవతల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు.

"చూశావా, ఇంకా ఆడుతోంది" అన్నాడు.

అల్లుడు చూశాడు. ముందు రోడ్డు వంక, తర్వాత చక్రం వంక. చూపు అక్కడే ఆగిపోయింది. ఏదో అనబోయి మింగేశాడు.

"ఒకసారి నేను తోలి చూస్తా మావయ్యా."

సీట్లు మారారు. అల్లుడి చేతిలో స్టీరింగు తొణకని నీళ్ళలా ఉంది. డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి పోయినట్టు ఏ అదురూ లేదు.

"నీ దగ్గర బాగానే నటిస్తోందే!"

అల్లుడు నవ్వలేదు. షెడ్డు దగ్గర బండి ఆపి, తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఇంకా కాస్త పనుంది మావయ్యా. బండి ఇక్కడే ఉండనివ్వండి."

"ఏం పని?"

"చూడాలి" అన్నాడు, మొహం తిప్పుకుని.

ఆ మొహం తిప్పుకోవడం ఉందే, అక్కడ అంటుకుంది. పని సరిగ్గా చేసినవాడు మొహం ఎందుకు తిప్పుకుంటాడు? దారి పొడుగునా అదే ఆలోచన. పాత సామాను తోమి కొత్తదని వేశాడా? ఒక పక్క వేసి రెండు పక్కలా అన్నాడా? వేరే వాళ్ళ బండి పని నెత్తిన పడి మన బండిని మూల పెట్టాడా? ఇంటికి చేరేసరికి ఆయన నోట్లో అల్లుడు కాస్తా 'అల్లుడుగారు' అయిపోయాడు. ఆ 'గారు' తగిలిందంటే అనుమానం ముదిరిందని ఇంట్లో అందరికీ తెలుసు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట. పని చేతకాక, ఇంకా పనుంది ఇంకా పనుంది అంటున్నారు మీ అల్లుడుగారు" అన్నాడు భార్యతో.

మామూలుగా అయితే ఆమె అల్లుడి తరఫున నాలుగు మాటలు అనేది. ఈసారి ఏమీ అనకుండా టీ తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోయింది. సగం గ్లాసు టీ. ఈమధ్య గ్లాసు ఎప్పుడూ సగమే వస్తోంది. పాలు చాలడం లేదా అని ఆయన ఒకటి రెండుసార్లు అడిగాడు. "సగం సగం రెండుసార్లు తాగితే వేడిగా ఉంటుంది కదండీ" అంది. ఆ జవాబు కూడా ఆయనకి నచ్చలేదు. ఇంట్లో ఏదో జరుగుతోంది.

అసలు ఈమధ్య లోకమంతా నాసిరకమైపోయిందని ఆయన అభిప్రాయం. టైలరు చొక్కా గుండీల కంతలు చిన్నవి కుడుతున్నాడు, గుండీ దూరి చావదు. వీధి తలుపు తాళం కప్ప అరిగింది, చెవి ఒక పట్టాన కంతలోకి పోదు. బ్లేళ్ళు మరీ అన్యాయం, గడ్డం గీసుకుంటే రెండు చోట్ల తెగుతోంది. భార్య బ్లేడు దాచేసి మంగలి దగ్గరికి పొమ్మంటోంది. దేన్ని ముట్టుకున్నా మోసమే.

మరునాడు కూతురు వచ్చింది. పొద్దున్నే, షెడ్డులో లెక్కలు చూసుకునే వేళ, పని మానుకుని వచ్చింది.

"ఏంటమ్మా ఇలా వచ్చావు?"

"ఊరికే నాన్నా."

ఊరికే వచ్చిన మనిషి వాళ్ళమ్మని వంటగదిలోకి తీసుకెళ్ళి తలుపు ఎందుకు దగ్గరగా వేస్తుంది? ఆయన పెరట్లో తువ్వాలు ఆరేసే నెపంతో వంటగది కిటికీ కిందకి చేరాడు. లోపల కూతురి ఫోను పైకి వినపడేలా పెట్టి ఉంది. అల్లుడి గొంతు.

"ఇంకా ఆడుతూనే ఉంది అత్తయ్యా. నా కళ్ళతో చూశాను. మావయ్యకి ఇప్పుడే చెప్పకండి. సోమవారం లోపల ఏదో ఒకటి ఆలోచిద్దాం. అప్పటిదాకా తాళం నా దగ్గరే ఉంచుతా."

"నాకు ముందే తెలుసు బాబూ" అంది భార్య. "నేనే నోరు మూసుకుని కూర్చున్నా."

తువ్వాలు చేతిలోంచి జారి కింద పడింది. ఎవరిని అనుమానించినా ఆయన అప్పటిదాకా భార్యని అనుమానించలేదు. పప్పులో ఉప్పెక్కువైతే ఎక్కువైందని తనే ముందు చెప్పే మనిషి. ఆమె కూడా వాళ్ళతో కలిసిందా? స్టీరింగు ఆడుతోందని తెలిసి, ఆ బండిలో పిల్లల్ని ఎక్కిస్తారని తెలిసి నోరు మూసుకుందా? అల్లుడి పరువు కోసం ఊళ్ళో పిల్లల ప్రాణాలు పణంగా పెడతారా? ఆయనకి కోపం రాలేదు. ఏడుపొచ్చినంత పని అయింది.

లోపలికి అడుగుపెట్టగానే కూతురు ఫోను కట్ చేసింది.

"ఎవరు?"

"రాంగ్ నంబరు నాన్నా."

రాంగ్ నంబరు అత్తయ్యా అని పిలుస్తుందా అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అనుమానపు మనుషులకి ఒక నీతి ఉంటుంది. చేతిలో ఆధారం పడేదాకా నోరు విప్పరు. "ఓహో" అని, సగం గ్లాసు టీ తాగి, సోమవారం లోపల ఏం చెయ్యాలో నిర్ణయించేసుకున్నాడు. బండి తనే చూసుకుంటాడు. పైనుంచి కింది దాకా, ఒక్కొక్క నట్టూ. తప్పు పట్టుకుని ఆ ముక్క తెచ్చి అల్లుడుగారి ముందు పెడతాడు. కాఫీ ఇవ్వడు.

తాళం జేబులో వేసుకుంటే బండి ఆగిపోతుందనుకోవడం అల్లుడి అమాయకత్వం. ఈయన దగ్గర మారు తాళం ఉంది. ఆ మారు తాళం పోతుందేమోనని దానికింకో మారు తాళం కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో వాళ్ళు కునుకు తీస్తుంటే బీరువాలో పాత స్వెట్టరు జేబులోంచి అది తీసి, పిల్లిలా బయటపడ్డాడు.

షెడ్డు మూసి ఉంది. బండి బయట రేకుల పంచ కింద ఉంది. చుట్టూ మనిషి లేడు. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు, తన్ని చూశాడు, ఇంకోసారి తన్ని చూశాడు. జాకీ పెట్టి ముందు భాగం లేపాడు. జాకీ కడ్డీ కొక్కెంలో దూరడానికి తెగ మొరాయించింది. "దీన్ని కూడా నాసిరకమే కొన్నాడు" అని గొణుక్కుంటూ ఎలాగో దూర్చాడు.

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని కుదిపాడు. రాయిలా ఉంది. పైనా కిందా పట్టుకుని కుదిపాడు. కదల్లేదు. రెండో చక్రం కూడా అంతే. అట్టపెట్టె చింపి పరుచుకుని కిందకి దూరాడు. కొత్త ముక్కలు కొత్తవే, మెరుస్తున్నాయి. రెండు పక్కలా వేశాడు. రబ్బరు తొడుగులు కొత్తవి, గ్రీజు నిండుగా ఉంది. ప్రతి నట్టుకీ అడ్డంగా పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ విడదీసి వెనక్కి మడిచి ఉంది. నట్టు తనంతట తాను ఊడే దారే లేదు. స్టీరింగు పెట్టె దగ్గర బోల్టులు బిగించినచోట సుద్దతో గీత కూడా గీసి పెట్టుకున్నాడు అల్లుడు, కదిలితే తెలియడానికి. అది తను చేసే పనే.

తప్పు దొరక్క ఆయనకి చిరాకెత్తిపోయింది. ఒక్క పిన్ను లేకపోయినా ప్రాణానికి హాయిగా ఉండేది. దొంగని పట్టుకుందామని వెళితే ఇంటివాడు వంట చేసుకుంటూ కనిపించినట్టుంది. అయినా వదిలే రకమా? నిలబడి ఉన్న బండి అబద్ధం చెప్పొచ్చు, పరిగెత్తే బండి చెప్పలేదు. జాకీ దించి, రాళ్ళు తీసి, బండి స్టార్టు చేశాడు.

గోదాముల వెనక రోడ్డు ఆదివారం ఖాళీగా ఉంటుంది. దారంలా తిన్నగా, గుంత లేకుండా పోతుంది. బండి ఆ రోడ్డు ఎక్కించి నెమ్మదిగా నడిపించాడు. ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది. కుడి అరచేతి కింద కుట్టుమిషను మొదలైంది.

"దొరికావు అల్లుడుగారూ!" అని పైకే అన్నాడు. గొంతులో సంతోషం అంతా ఇంతా కాదు.

మిగిలింది ఆఖరి పరీక్ష. పని నేర్పిన పాత డ్రైవరు చెప్పింది అది. ఖాళీ రోడ్డు చూసుకుని, నెమ్మదిగా పోతూ, స్టీరింగు మీంచి రెండు చేతులూ వేలెడు పైకెత్తాలి. పట్టుకున్నంతసేపూ బండి మన మాట వింటుంది. వదిలేసినప్పుడే తన మాట చెబుతుంది. ఎటు లాగుతోంది, ఎంత అదురుతోంది, ఏ పక్క జబ్బు, అంతా కళ్ళ ముందుకొస్తుంది.

రెండు చేతులూ ఎత్తాడు.

బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది. చక్రం గోడకి కొట్టిన మేకులా నిలబడింది. ఏ అదురూ లేదు.

చేతులు దించాడు. అదురు వచ్చింది.

"ఇంకోసారి" అన్నాడు. ఎత్తాడు, నిలబడింది. దించాడు, అదిరింది.  ఎడమ చెయ్యి ఒక్కటే పెట్టి చూశాడు. చక్రం నిలకడగా ఉంది. ఎడమది తీసి కుడిది పెట్టాడు.

చక్రం అదిరింది.  బండి రోడ్డు పక్కకి తీసి ఆపి, ఇంజను కట్టేశాడు. ఇంజను లేదు, రోడ్డు లేదు, చక్రం తిరగడం లేదు. కుడి చెయ్యి స్టీరింగు మీంచి ఎత్తి గాల్లో కళ్ళ ముందు పెట్టుకున్నాడు. ఏ బండీ లేకుండానే ఆడుతోంది. సన్నగా, ఆపమన్నా ఆగకుండా.

గుండీ కంత, తాళం కప్ప, బ్లేడు, జాకీ కడ్డీ, సగం గ్లాసు టీ ఒక్కొక్కటే వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్ళాయి. లోకంలో అందర్నీ అనుమానించాడు, తూకాన్నీ తాళాన్నీ కట్టుకున్న భార్యనీ వదల్లేదు. ఈ చేతిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. నిజంగా అరిగిన గుండు ఒకటి ఉండటం వల్ల దాని చాటున ఇది దాక్కుంది. గుండు మార్చేశాక దాక్కోవడానికి చోటు లేకపోయింది.

భయమేసింది ఆయనకి. అల్లుడి మీద కోపం ఎటు పోయిందో తెలియదు. పక్క సీటు వంక చూశాడు. రోజూ అక్కడ 'ప్రశ్నల పిల్ల' కూర్చుంటుంది, కాళ్ళు అందక ఊపుకుంటూ, ఆకాశం ఎందుకు కిందపడదు తాతా అని అడుగుతూ. ఇరుకు వంతెన మీద ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఈ చెయ్యే కదా పట్టుకునేది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందో, ఎన్నిసార్లు వంతెన దాటించాడో ఆయనకే తెలియదు. 

బండి షెడ్డుకి తీసుకెళ్ళడం ఎంతసేపు? ఖాళీ రోడ్డే. తాళం మీదకి చెయ్యి వెళ్ళింది. చెవుల గుత్తి గలగలలాడింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఫోను తీశాడు.

"మావయ్యా! షెడ్డుకొచ్చి చూస్తే బండి లేదిక్కడ, మీ దగ్గరుందా?" అవతల అల్లుడి గొంతు కంగారుగా ఉంది. "ఎక్కడున్నారు? బాగానే ఉన్నారా?"

"గోదాముల రోడ్డులో ఉన్నా. వచ్చి బండి తీసుకెళ్ళు. నేను తోలను."

అల్లుడు, కూతురు స్కూటరు మీద వచ్చారు. వచ్చేసరికి ఆయన క్లీనరు సీట్లోకి మారి కూర్చున్నాడు. అల్లుడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తిట్లకి సిద్ధపడి వచ్చిన మొహం అది.

"ఫోన్లో అన్నావు, ఇంకా ఆడుతూనే ఉందని. కిటికీ కింద ఉండి విన్నాలే. ఏది ఆడుతోందన్నావు?"

అల్లుడు తల దించుకున్నాడు. "బండి కాదు మావయ్యా."

"మరి నాతో ఎందుకనలేదు?"

"చెప్పడానికి నోరు రాలేదు. అందుకే పనుందని బండి ఆపేశా. మీరు నన్ను దొంగ అనుకున్నా సరే, తాళం మాత్రం ఇవ్వకూడదనుకున్నా."

 ఆయన చిన్నగా నవ్వాడు, నవ్వులా లేదు అది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. నేను మద్దెలని ఊడదీయించి, జాకీ మీద ఎక్కించి మరీ చూశాను."

కూతురు కళ్ళు తుడుచుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. బండి తోలడం ఆమెకి నేర్పింది ఆయనే. పెద్ద బండి లైసెన్సు తీయించిందీ ఆయనే, తీయించి బీరువాలో పెట్టించిందీ ఆయనే. పిల్లలున్నప్పుడు మాత్రం ఒక్కనాడూ చక్రం ఇవ్వలేదు. ఇప్పుడు ఇంటిదాకా పక్కన కూర్చున్నాడు, వెనకే అల్లుడు స్కూటరు మీద వచ్చాడు. మలుపుల దగ్గర కాలు మాత్రం లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

ఇంటికి రాగానే భార్యని పిలిచాడు. "టీ పెట్టు. గ్లాసు నిండా పొయ్యి."

ఆమె ఆయన మొహం చూసింది, వెనకాల నిలబడ్డ కూతురి మొహం చూసింది. వెళ్ళి, అంచుదాకా నిండిన గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన కుడి చేత్తో పట్టుకుని ఎత్తాడు. నోటి దాకా వెళ్ళకముందే టీ అంచు దాటి వేళ్ళ మీదుగా కారింది, బల్ల మీద మడుగు కట్టింది. దించాడు.

"ఇంకోసారి" అన్నాడు.

"చాలండీ" అంది ఆమె. గ్లాసు పక్కకి జరిపింది. "చాలు, కాలుతుంది."

"ఎప్పుడు చూశావు?"

"సన్నగా మొదలైంది, నిద్ర చాలకేమో అనుకున్నా. చొక్కా మీద మరక పడితే మీరు గ్లాసుని తిట్టారు. అందుకే సగం పోస్తున్నా. బండి దాకా వచ్చిందని అబ్బాయి చెప్పేదాకా నాకు తెలీదు. ఒట్టు."

"ముందే చెప్పుంటే?"

"చెబితే మీరు నమ్మేవాళ్ళా?"

 నమ్మేవాడు కాదు. ఈవిడ ఎందుకిలా అంటోందా అని ఇంకో వారం అనుమానించేవాడు. తువ్వాలుతో బల్ల తనే తుడిచాడు, ఎడమ చేత్తో. తర్వాత డాక్టరు సంగతి మాట్లాడుకున్నారు. "మందులుంటాయి మావయ్యా, తగ్గొచ్చు" అన్నాడు అల్లుడు. "ఒక డాక్టరు మాట మీద ఏం నమ్ముతాం, ఇద్దరికి చూపిద్దాం" అన్నాడాయన. ఆ మాట వినగానే ఇంట్లో అందరికీ కాస్త ప్రాణం లేచొచ్చింది. మనిషి మనిషిలోనే ఉన్నాడు.

వెళ్ళబోతున్న అల్లుడిని ఆపి, "కాఫీ తాగి వెళ్ళవయ్యా" అన్నాడు. 'గారు' లేదు.

సోమవారం పొద్దున్న వ్యాను చెప్పిన వేళకి వచ్చింది. కూతురు డ్రైవరు సీట్లో ఉంది. ఆయన ముందు సీట్లో, రోజూ ప్రశ్నల పిల్ల కూర్చునే చోట. ప్రతి ఇంటి ముందూ దిగి, డ్రైవరు మారిన సంగతీ, ఎందుకు మారిందో కూడా తన నోటితోనే తల్లులకి చెప్పాడు. వాళ్ళు ఎవరో చెబితే వినకూడదని. ఒకావిడ ఏమనాలో తోచక "అయ్యో" అంది. ఇంకొకావిడ మారుమాట్లాడకుండా బిడ్డని ఎక్కించింది. దిగులుండదన్న తల్లి మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆయన చేతి వంక చూసి, కూతురి వంక చూసి, "మీరూ బండిలోనే ఉంటారు కదా?" అని అడిగింది.

"ఉంటానమ్మా" అన్నాడు.

ప్రశ్నల పిల్ల తన చోటు పోయినందుకు ముక్కు ఎగబీల్చి, వెనక సీట్లోంచి ముందుకి వంగింది.

"తాతా, బండి బాగైందా?"

"బండి బాగైందమ్మా" అన్నాడాయన.

కిందకి దిగి తలుపు వేశాడు. ఎడమ చేత్తో తీసి ఇంకోసారి వేశాడు. ఎక్కి కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పట్టుకుని, కూతురితో అన్నాడు.

"వంతెన వస్తోంది, అద్దం చూడు."

"చూశా నాన్నా."

"ఇంకోసారి చూడు."

ఆమె ఇంకోసారి చూసింది.